నేతి బీర పీచు: కాయ ముదరనివ్వడం నుంచి ఆరబెట్టడం దాకా

కూరకు కోసే నేతి బీరకాయకూ ఒళ్లు రుద్దుకునే పీచు కోసం కోసే నేతి బీరకాయకూ మధ్య దాదాపు రెండు నెలల ఎడం ఉంటుంది. పువ్వు రాలి పిందె పడ్డాక వారం పది రోజుల్లో కాయ కూరకు వస్తుంది. అప్పుడు లోపల ఉండేది మెత్తని గుజ్జు, తెల్లని లేత గింజలు మాత్రమే. అదే కాయను తీగ మీదనే వదిలేస్తే, గుజ్జు మధ్యలో నీటినీ ఆహారాన్నీ మోసే సన్నని నాళాలు రోజురోజుకూ గట్టిపడి, వాటి గోడల్లో లిగ్నిన్ అనే గట్టి పదార్థం చేరి, ఒకదానితో ఒకటి అల్లుకున్న పీచుగా మారతాయి. గుజ్జు క్రమంగా ఎండి తగ్గిపోతుంది. మనకు కావలసిన పీచు ఇదే. దీనిని కాయ కోసిన తర్వాత ఎండబెట్టి తయారుచేయడం సాధ్యం కాదు, తీగ మీదనే తయారు కావాలి. లేత కాయను తెచ్చి ఎన్ని రోజులు ఎండలో పెట్టినా అది ముడుచుకుపోయి కుళ్లుతుంది తప్ప పీచు కట్టదు.

అందువల్ల ఈ పనిలో రెండే కీలకమైన ఘట్టాలు ఉన్నాయి. కాయ తీగ మీద ఉన్నంతకాలం ఓపిక పట్టాలి. తొక్క ఒలిచిన మరుక్షణం నుంచి తొందర పడాలి. పీచు నల్లబడిందనీ, వాసన వస్తోందనీ, పొడిపొడిగా విరిగిపోతోందనీ వినిపించే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ రెండింటిని తారుమారు చేయడం వల్ల వచ్చేవే.

ఏ బీర, ఏ కాలం

పీచుకు నేతి బీర శ్రేష్ఠం. తొక్క నునుపుగా ఉండడం వల్ల ఎండిన తర్వాత పీచును వదిలి సులువుగా ఊడివస్తుంది. మన ఇళ్లలో ఎక్కువగా పెంచే మామూలు బీర, అంటే కణుపుల బీర కూడా పీచు కడుతుంది. పల్లెల్లో విత్తనానికి వదిలిన బీరకాయల పీచునే తరతరాలుగా వాడుకున్నారు. అయితే దాని గట్టి అంచుల దగ్గర తొక్క పీచును గట్టిగా పట్టుకుని ఉంటుంది కనుక ఒలవడానికి ఎక్కువ శ్రమ పడాలి, పీచు కూడా కొంత గరుకుగా ఉంటుంది. గిన్నెలు తోమడానికి ఆ గరుకుతనం మంచిదే. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన పూసా చిక్ని, పూసా స్నేహ వంటివి నేతి బీరలోని కూర రకాలు. వాటి కాయలను ముదరనిచ్చినా పీచు వస్తుంది కాబట్టి పీచు కోసం ప్రత్యేకమైన విత్తనం దొరకలేదని ఆగనవసరం లేదు. విత్తనాలను చూసి కూడా రెండు బీరలనూ గుర్తుపట్టవచ్చు: నేతి బీర గింజ నునుపుగా, చుట్టూ సన్నని రెక్క వంటి అంచుతో ఉంటుంది, కణుపుల బీర గింజ మీద గుంటలు గుంటలుగా ఉండి ఆ అంచు కనిపించదు.

విత్తిన నాటి నుంచి ఎండిన కాయ చేతికి రావడానికి అయిదారు నెలలు పడుతుంది. ఈ లెక్క వేసుకోకుండా విత్తితే కాయలు సరిగ్గా వానల్లో ముదురుతాయి. మన ప్రాంతంలో మృగశిర, ఆరుద్ర కార్తెల్లో తొలకరితో విత్తడం అన్ని విధాలా అనుకూలం. వానల్లో తీగ పందిరి పట్టుకుంటుంది, భాద్రపద ఆశ్వయుజాల్లో పూసి కాస్తుంది, మార్గశిర పుష్యాల పొడి గాలికి కాయలు తీగ మీదనే ఎండి సంక్రాంతి నాటికి ఒలవడానికి సిద్ధమవుతాయి. తెలంగాణలోనూ రాయలసీమలోని పడమటి జిల్లాల్లోనూ ఇది దాదాపు నిశ్చింతగా జరిగే పని. నెల్లూరు, తిరుపతి వైపు మాత్రం ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి గనుక సగం ఎండిన కాయలు తడిసే ప్రమాదం ఉంటుంది. అక్కడ కాయలను కొంచెం ముందుగా, పసుపు రంగులో ఉండగానే కోయడానికి సిద్ధపడాలి. జనవరిలో విత్తే వేసవి పంటలో కాయలు మే, జూన్ నెలల్లో ముదురుతాయి. రోహిణి కార్తె ఎండలు కాయను బ్రహ్మాండంగా ఎండబెడతాయి కానీ, విత్తడం పది పదిహేను రోజులు ఆలస్యమైతే తొలకరి జల్లులు వాటిని తీగ మీదనే బూజు పట్టిస్తాయి.

అమెరికాలోని మన వాళ్లు పెరటి బీర పాదును ఎంత అపురూపంగా పెంచుతారో తెలిసిందే. అక్కడ సమస్య వాన కాదు, శీతకాలపు తొలి గడ్డమంచు. న్యూజెర్సీ వంటి చోట అక్టోబరులోనే, టెక్సస్‌లోని డాలస్ ప్రాంతంలో సాధారణంగా నవంబరులో అది పడుతుంది. వేసవి అంత పొడవుగా లేని ఉత్తరాది రాష్ట్రాల్లో మొలకలను ఇంటి లోపల కుండీల్లో ముందుగానే పెంచి, చలి పూర్తిగా పోయాక బయట నాటితే తప్ప కాయ ముదరడానికి గడువు చాలదు. నీటితో నిండిన కాయ గడ్డకట్టి కరిగితే పీచు చెడి కుళ్లిపోతుంది కనుక, ఆ రాత్రికి ముందే ముదిరిన కాయలన్నిటినీ, రంగు ఇంకా పచ్చగా ఉన్నా సరే, కోసి లోపలికి తెచ్చుకోవాలి.

కాయను తీగ మీద సిద్ధం చేయడం

పీచుకు ఉంచదలచిన కాయలను మొదటి కాపులోనే ఎంచుకోవాలి. తీగ బలంగా ఉన్నప్పుడు తొలుత పడిన పిందెలకే నిండుగా ముదిరే గడువు ఉంటుంది. కూర కోసం లేత కాయలు కోసుకుంటూ పోయి, చివరగా మిగిలిన వంకర కాయలను పీచుకు వదిలేయడం మన అలవాటు. దాని ఫలితంగానే చాలా ఇళ్లలో పీచు సన్నగా, పలుచగా వస్తుంది. ఒక పాదుకు అయిదారు కాయలను మాత్రమే పీచుకు ఉంచి, వాటి ముచ్చికలకు రంగు దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి. ఇంట్లో మరొకరు పొరపాటున కూరకు కోయకుండా ఉండడానికి కూడా ఆ దారం అవసరమే. ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ముదిరే కాయలు తీగ మీద ఉన్నకొద్దీ కొత్త పూత తగ్గుతుంది. కూర కూడా కావాలనుకుంటే రెండు పాదులు వేసి, ఒకదానిని కూరకూ ఒకదానిని పీచుకూ కేటాయించడం మేలు.

కాయ నిటారుగా వేలాడితేనే పీచు తిన్నగా వస్తుంది. కనీసం ఆరడుగుల ఎత్తున పందిరి వేసి, ఆకుల మధ్య ఇరుక్కున్న పిందెలను చిన్నగా ఉన్నప్పుడే పందిరి సందుల్లోంచి కిందికి దింపాలి. కంచె మీదికి పాకించిన తీగలో కాయ ఒక పక్క కర్రను ఆనుకుంటే ఆ పక్క పీచు అణిగిపోతుంది. నేలను తాకితే తడికి ఆ చోట కుళ్లు మొదలవుతుంది. మిద్దె తోటలో పెంచేవారు పిట్టగోడల మధ్య గట్టి ఇనుప తీగలు లాగి కట్టుకోవచ్చు. నీరు నిండిన దశలో కాయలు బరువుగా ఉంటాయి, ఈదురు గాలికి పందిరి మొత్తం ఒక వైపు ఒరుగుతుంది, కనుక గుంజలను తేలిగ్గా తీసుకోకూడదు.

మగ పూలు గుత్తులుగా, ఆడ పూలు పిందెతో ఒంటరిగా వస్తాయి. తేనెటీగలు తిరగని మేడల మీద పిందెలు పసుపు పచ్చగా మారి రాలిపోతుంటే, మగ పువ్వును తుంచి దాని పుప్పొడిని ఆడ పువ్వు కీలాగ్రానికి అద్దవలసి ఉంటుంది. నేతి బీర పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి, కణుపుల బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. ఈ వేళలు తెలియక ఉదయం పదకొండింటికి పూల కోసం వెతికితే ప్రయోజనం ఉండదు.

పీచుకు అసలు శత్రువు పండు ఈగ. అది లేత పిందెకు పొడిచి గుడ్లు పెడుతుంది. పురుగులు లోపలి గుజ్జును తింటూ పోతే కాయ ఆ చోట వంకర తిరిగి, జిగురు కారి, లోపల కుళ్లుతుంది. పైకి బాగానే ఎండినట్టు కనిపించిన కాయను ఒలిచినప్పుడు మధ్యలో నల్లని చిల్లు కనిపిస్తే ఇదే కారణం. పీచుకు ఎంచుకున్న పిందె వేలెడంత ఉండగానే దానికి పాత పత్రికతో గానీ పలుచని గుడ్డతో గానీ వదులుగా సంచి కట్టాలి. తొక్క గట్టిపడ్డాక, అంటే రెండు మూడు వారాలకు, సంచి తీసివేయవచ్చు. పుచ్చిన పిందెలను పాదు కింద వదిలేయకుండా ఏరి, నీళ్లలో ముంచో లోతుగా పాతిపెట్టో నాశనం చేస్తే తర్వాతి తరం ఈగలు తగ్గుతాయి.

కాయ పూర్తి పొడవుకు ఎదిగి లావు పెరగడం ఆగిన తర్వాత నీరు తగ్గించాలి. పాదు వాడిపోనంత మేరకు ఇస్తే చాలు. ఈ దశలో యూరియా వేసి పచ్చదనం పెంచితే తీగ కొత్త ఆకులు తొడుగుతూ పోతుంది కానీ కాయలు ఎండవు. కింది ఆకులు పసుపుబారడం, బూడిద తెగులు కొద్దిగా కనిపించడం ఈ వయసులో సహజం. ఎండిన ఆకులను తుంచివేస్తే కాయలకు గాలీ వెలుతురూ తగులుతాయి.

ఎప్పుడు కోయాలి

కాయ ముదురు ఆకుపచ్చ నుంచి లేత ఆకుపచ్చకు, అక్కడి నుంచి పసుపుకు, చివరకు గోధుమ రంగుకు మారుతుంది. రంగు ఒక్కటే చూసి నిర్ణయించవద్దు. ఎండ తగిలిన వైపు ముందే పసుపుబారుతుంది, నీడలో ఉన్న కాయ ముదిరినా పచ్చగానే ఉంటుంది. రంగు కన్నా బరువు నమ్మదగినది. గుర్తు పెట్టుకున్న కాయలను వారానికి ఒకసారి అరచేతిలోకి తీసుకుని కింది నుంచి కొద్దిగా ఎత్తి చూస్తూ ఉంటే, ఒక దశలో అది హఠాత్తుగా తేలిక కావడం చేతికే తెలుస్తుంది. లోపలి నీరు తగ్గిందని, పీచు కట్టిందని దాని అర్థం. అప్పుడు బొటనవేలితో నొక్కితే తొక్క లోపలి పీచును వదిలి కొంచెం కదిలినట్టు అనిపిస్తుంది. లేత కాయను నొక్కితే అలా కదలదు, గోరు గుచ్చుకుంటుంది. ఇంకా ఆగితే ముచ్చిక ఎండుతుంది, ఊపితే లోపల గింజలు గలగలమంటాయి.

తొక్క కదలడం మొదలైనప్పటి నుంచి గింజలు గలగలలాడే దాకా ఏ రోజున కోసినా పీచు పనికివస్తుంది. కానీ రెండు కొసల్లోనూ వచ్చే పీచు ఒకటి కాదు. పసుపుబారుతున్న దశలో కోసిన కాయ పీచు తెల్లగా, మెత్తగా, వంచినా విరగకుండా ఉంటుంది. గింజల్లో కొన్ని ఇంకా నల్లబడకపోవచ్చు, తొక్క ఒలవడం కొంచెం కష్టం, పసరు ఎక్కువగా ఉంటుంది గనుక కడగడం ఎక్కువ. గోధుమ రంగుకు వచ్చి పూర్తిగా ఎండిన కాయ పీచు గట్టిది, కొంచెం ముదురు రంగుది. తొక్క పెళుసుగా చిట్లి చేతిలోనే రాలిపోతుంది, గింజలన్నీ విత్తనానికి పనికివస్తాయి. పసిపిల్లల ఒంటికి, ముఖానికి వాడదలచిన పీచుకు పసుపు దశలో కోయడం, గిన్నెలకూ మడమలకూ వాడేదానికి పూర్తిగా ఎండనివ్వడం నాకు సరైన పద్ధతిగా తోస్తుంది. అన్నీ ఒకే రోజున కోయాలని నియమమేమీ లేదు కదా.

పూర్తిగా ఎండిన కాయను మాత్రం అనవసరంగా వారాల తరబడి తీగ మీద వదలకూడదు. కొసన ఉన్న చిన్న మూత వంటి భాగం దానంతట అదే ఊడిపోయి గింజలు నేల మీద రాలుతాయి; ఆ రంధ్రం గుండా డిసెంబరు మంచు లోపలికి దిగి పీచు మీద నల్లని చుక్కలు వేస్తుంది. అల్పపీడనం వార్త విన్న రోజున పసుపుబారినవీ ఎండినవీ అన్నీ కోసుకోవడం క్షేమం. అప్పటికి తేలిక కాని పచ్చి కాయలను తీగ మీదనే ఉంచాలి. వానకు వాటికి పెద్దగా నష్టం ఉండదు, వాటి తొక్క ఇంకా నీరు చొరనివ్వదు.

కోసేటప్పుడు చేత్తో లాగితే ఎండిన తీగ మొత్తం కదిలి పక్క కాయల ముచ్చికలు విరుగుతాయి. కత్తెరతో, ముచ్చిక రెండు మూడు అంగుళాలు కాయకు ఉండేలా కత్తిరించాలి. ఆ ముచ్చికకు తాడు కట్టి వేలాడదీయడానికి వీలవుతుంది.

ఒలవడానికి ముందు

బాగా ఎండిన కాయను ఆ రోజే ఒలవవచ్చు, కావాలంటే తొక్కతోనే కొన్ని నెలలు దాచుకోవచ్చు. ఎలుకలకు అందకుండా, గాలి ఆడేచోట, ఒకదానికొకటి తగలకుండా వేలాడదీస్తే చాలు. పసుపు దశలో కోసిన కాయకు రెండు దారులు ఉన్నాయి: ఒకటి, వెంటనే ఒలిచి కడగడం, రెండు, వరండాలోనో చూరు కిందనో కొన్ని వారాలు వేలాడదీసి ఎండనివ్వడం. మొదటిదే మంచిది. కోసిన తర్వాత తీగ నుంచి విడిపోయిన కాయలో నీరు బయటికి పోయే దారి తక్కువ; గాలిలో తేమ ఉన్న రోజుల్లో, ముఖ్యంగా సముద్ర తీరపు ఊళ్లలో, తొక్క లోపలే గుజ్జు పులిసి బూజు పడుతుంది. తొక్క మీద బూజు మచ్చలు కనిపించినంత మాత్రాన భయపడనక్కరలేదు, అది చాలావరకు తొక్కకే పరిమితం. కానీ కాయ ఒక చోట మెత్తబడితే ఆగకుండా అదే రోజున ఒలవాలి. అలా ఒలిస్తే చెడిన ముక్కను కోసివేసి మిగిలినది దక్కించుకోవచ్చు.

గింజలను తొక్క ఒలవక ముందే, కాయ పొడిగా ఉండగానే తీసేయాలి. ఎండిన కాయ కొసను తుంచి, తలకిందులుగా పట్టుకుని, అరచేతికి గానీ గోడకు గానీ మెల్లగా తట్టుతూ ఉంటే మూడు నిలువు గదుల్లోని గింజలు ఒక్కొక్కటిగా జారిపడతాయి. ఒకే కాయలో వంద దాటి గింజలు ఉండడం మామూలే. మిగిలిపోయిన వాటిని సన్నని పుల్లతో కదిలించి తీయాలి. తడిసిన తర్వాత గింజలు పీచులో అతుక్కుని బయటికి రావు, వదిలేస్తే ఒళ్లు రుద్దుకునేటప్పుడు గుచ్చుకుంటాయి. నిండుగా, నల్లగా ఉన్న గింజలను నీడన ఆరబెట్టి కాగితం పొట్లంలో పెట్టి, పొడి సీసాలో దాచుకోవాలి. చేదు కాయ కాసిన పాదు గింజలను కూర కోసం మళ్లీ విత్తకూడదు. ఆ చేదుకు కారణమైన కుకర్బిటాసిన్లు వాంతులు, విరేచనాలు కలిగిస్తాయి. పీచుకైతే చేదు కాయ అడ్డు కాదు. సంకర విత్తనం కొని వేసిన పాదు గింజలు తల్లి గుణాన్ని నిలుపుకోవు కనుక వాటిని దాచడం వ్యర్థం.

ఒలవడం, కడగడం

గోధుమ రంగు కాయను రెండు చేతులతో పట్టుకుని, గుడ్డ పిండినట్టు మెల్లగా మెలితిప్పితే తొక్క పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలో వేలు దూర్చి పెంకులు పెంకులుగా ఊడదీయవచ్చు. ఎక్కడైనా తొక్క మొండికేస్తే గోరుతో గీకకుండా, కాయను గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టాలి. ఎంత సేపు నానినా ఊడని మరకల దగ్గర పీచు చెడి తొక్కకు అంటుకుని ఉంటుంది, ఆ ముక్కను కోసి పారేయడమే సులువు. పసుపు దశ కాయకు పద్ధతి వేరు. దాని పొడవునా పైనుంచి కిందికి గట్టి ఈనెల వంటి గీతలు ఉంటాయి. కొస దగ్గర తొక్కను కొద్దిగా విరిచి ఆ ఈనెను పట్టుకుని ముచ్చిక వైపు లాగితే, అది నారగా ఊడివస్తూ వెంట తొక్కను చీలుస్తుంది. ఒకటి రెండు ఈనెలు లాగేసరికి బొటనవేళ్లతో తొక్కను రెండు వైపులా తెరవవచ్చు. కణుపుల బీరకు ఈ రెండు ఉపాయాలూ అంతగా పనిచేయవు. ఎండిన కాయను ఒక రాత్రంతా నానబెట్టి, మొండి చాకుతో అంచుల వెంట గీకుతూ తొక్క తీయాలి.

ఇక్కడి నుంచి ఆగకూడదు. ఒలిచిన పీచు సందుల్లో మిగిలిన పసరూ గుజ్జూ గాలి తగిలి గంటల్లోనే గోధుమ రంగుకు తిరిగి గట్టిపడతాయి, ఆ తర్వాత ఎంత ఉతికినా ఆ రంగు పూర్తిగా పోదు. కాబట్టి ఎన్ని కాయలు కడగగలమో అన్నే ఒలవాలి. ముందుగా బకెట్ల నిండా నీళ్లు సిద్ధం చేసుకుని, ఒలిచిన ప్రతి పీచునూ వెంటనే నీటిలో వేస్తూ పోవడం తెలివైన పని. మొదటి నీటిలో పిండినప్పుడు పసరు నురగలా వస్తుంది, అది సబ్బు కాదు, కాయలోనే ఉండే సాపోనిన్ల గుణం. నురగ రావడం ఆగి, పిండిన నీరు తేటగా దిగే దాకా నీళ్లు మారుస్తూ ఉతకాలి. కొళాయి కింద ఒక కొస నుంచి నీటిని ధారగా పోస్తూ రెండో కొస నుంచి రానిస్తే లోపలి గదుల్లోని గుజ్జు కొట్టుకుపోతుంది. తోటకు నీరు పెట్టే గొట్టం ఉంటే, కొసను వేలితో నొక్కి జోరుగా కొట్టడం ఇంకా మంచిది. బండకేసి బాదడం, గట్టిగా మెలితిప్పడం మాత్రం వద్దు, అల్లిక తెగుతుంది. ఆ నీటిని పాదులకే పోసుకోవచ్చు.

తెల్లదనం గురించి ఒక మాట. అంగళ్లలో అమ్మే పీచు తెల్లగా ఉండేది చాలావరకు రసాయనంలో వేసి తెలుపు చేసినందువల్లనే. ఇంట్లో పెరిగిన పీచు లేత గోధుమ రంగులో ఉండడం లోపం కాదు, ఎండలో ఆరేకొద్దీ అది కొంత తెల్లబడుతుంది కూడా. మచ్చలు మరీ కనిపిస్తున్నాయని అనుకుంటే మందుల దుకాణంలో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడవచ్చు: సీసా మీద 6 శాతం అని ఉంటే సమానంగా నీళ్లు కలిపి 3 శాతానికి తెచ్చి, అందులో పీచును అరగంట నుంచి గంట దాకా నానబెట్టి, తర్వాత మంచినీటితో రెండు మూడు సార్లు కడగాలి. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోవాలి. బట్టలకు వాడే ద్రవ బ్లీచ్ వాడేవారు ఒక పాలుకు పది పాళ్ల నీరు కలిపి అరగంటకు మించకుండా నానబెట్టాలి. ఎక్కువసేపు ఉంచితే పీచు బలం పోతుంది. అందులో నిమ్మరసం, వెనిగర్, మరుగుదొడ్లు కడిగే యాసిడ్ వంటివి పొరపాటున కూడా కలపకూడదు, విషవాయువు పుడుతుంది. ఒంటికి వాడే పీచుకు ఇవేవీ చేయకపోవడమే నా సలహా.

ఆరబెట్టడం, కోయడం

కడిగిన పీచును మెల్లగా పిండి, చేతులతో దాని గుండ్రని ఆకారానికి తెచ్చి ఆరవేయాలి. అణిగిన ఆకారంలో ఎండితే అదే ఆకారం నిలిచిపోతుంది. ఒంటికి అద్దుకునే బల్లపరుపు ముక్క కావలసినవారికి ఇదే ఉపయోగపడుతుంది, తడిగా ఉన్నప్పుడే రెండు పీటల మధ్య అణచిపెట్టి ఆరనివ్వవచ్చు. దండెం మీద నిలువుగా వేలాడదీయడం అన్నిటికన్నా మేలు, నీరంతా కిందికి దిగుతుంది, నాలుగు వైపులా గాలి తగులుతుంది. నులక మంచం మీద పరిచినా గాలి కింది నుంచి ఆడుతుంది. సిమెంటు డాబా మీద నేరుగా పెడితే కింది పక్క తేమ నిలిచి పసుపు మచ్చ పడుతుంది, గంటకోసారి తిప్పే ఓపిక ఉంటేనే ఆ పని చేయాలి.

చలికాలపు మంచి ఎండలో ఒక రోజుకు పైభాగం ఆరిపోతుంది, కానీ మధ్యలోని గట్టి కాడకు మరో రెండు మూడు రోజులు కావాలి. ఆరిందో లేదో తెలుసుకోవడానికి పీచును చెంపకు ఆనించి చూడవచ్చు. చల్లగా తగిలితే లోపల ఇంకా తేమ ఉన్నట్టే. సాయంత్రం కాగానే లోపలికి తెచ్చుకోవాలి, రాత్రి మంచు పగటి ఎండ చేసిన పనిని చెరిపేస్తుంది. పూర్తిగా ఆరాక కూడా ఎండలోనే రోజుల తరబడి వదిలేస్తే పీచు పెళుసుబారి పొడి రాలుతుంది. ఎండ చాలని రోజుల్లో పంకా కింద వేలాడదీయడం మంచిదే. పొయ్యి సెగకు, మైక్రోవేవ్‌లో ఆరబెట్టే ప్రయత్నం వద్దు, ఎండిన పీచుకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది.

ముక్కలుగా కోయడానికి ఇనుము కోసే సన్న పళ్ల రంపం గానీ రొట్టె కోసే పళ్ల కత్తి గానీ కావాలి. మామూలు చాకు అల్లికను కోయకుండా నలిపేస్తుంది. అంగుళం మందాన అడ్డంగా కోసిన చక్రాలు సబ్బు కింద పెట్టుకోవడానికి, నాలుగైదు అంగుళాల ముక్కలు గిన్నెలకు, సగం కాయ ఒంటికి సరిపోతాయి. నిలువుగా ఒక పక్క చీల్చి తెరిచి, మధ్యలోని మూడు గదుల అడ్డుగోడలను కత్తెరతో తీసివేస్తే పలుచని మెత్తని పొర మిగులుతుంది. దాని అంచులకు నూలు గుడ్డ కుట్టి, రెండు కొసలకూ పిడులు పెడితే వీపు రుద్దుకునే పట్టీ తయారవుతుంది. తీసివేసిన మధ్య భాగాన్ని పారేయకుండా గిన్నెల మూలలు తోమడానికి ఉంచుకోవచ్చు.

వాడుక

ఎండిన పీచు చేతికి గరుకుగా తగులుతుంది; నీటిలో రెండు నిమిషాలు ఉంచితే ఉబ్బి మెత్తబడుతుంది. సున్నిపిండితో గానీ సబ్బుతో గానీ వాడేముందు తప్పక తడపాలి. పుండ్లు, దద్దుర్లు, గజ్జి ఉన్నచోట, క్షవరం చేసుకున్న వెంటనే దీనిని వాడకూడదు. ఒకరి పీచును మరొకరు వాడకూడదు. రాలిన చర్మపు పొట్టు సందుల్లో చిక్కుకుని, స్నానాల గదిలోని తేమకు అక్కడ సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకని వాడిన ప్రతిసారీ కడిగి, పిండి, స్నానాల గది బయట గాలికి వేలాడదీయాలి; వారానికి ఒకసారి మరిగిన నీటిలో పది నిమిషాలు ఉంచి ఎండలో ఆరవేయాలి. ఒంటికి వాడే ముక్కను నెల రోజులకే మార్చడం మంచిది. పెరట్లో ఒక్క పాదు ఉంటే అందుకు లోటేమీ ఉండదు. వాసన వచ్చినా, జిగటగా తగిలినా గడువు చూడకుండా మార్చివేయాలి. గిన్నెలు తోమే ముక్క విషయంలో కూడా ఇదే పద్ధతి. నూనె జిడ్డు పట్టిన మూకుడుకు వాడిన ముక్కను గాజు గ్లాసులకు వాడకపోవడం మంచిది.

వాడని పీచులను నూలు సంచిలో, గాలి ఆడే అలమరలో దాచాలి. ప్లాస్టిక్ సంచిలో బిగించి కడితే వానాకాలంలో బూజు పడుతుంది. అలా పట్టినా మరిగిన నీటిలో ముంచి మళ్లీ ఎండబెడితే పైపై బూజు పోతుంది, నల్లగా లోపలికి దిగిన బూజు పోదు. అటువంటి ముక్కలనూ, వాడి అరిగిన ముక్కలనూ పూలకుండీ అడుగున నీరు పోయే రంధ్రం మీద పరిచి పైన మట్టి నింపవచ్చు. నీరు దిగుతుంది, మట్టి కారిపోదు, కొన్ని నెలలకు పీచు కూడా కుళ్లి మట్టిలో కలిసిపోతుంది.